మా లైను పన్నెండు వేలు

నందికొండలో పెరిగినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కదిలేది ఏది కనిపించినా క్యూసెక్కుల్లో కొలుస్తారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు పారితే ఒక క్యూసెక్కు. ఈ సంగతి మాకు ఎక్కాల కంటే ముందే వచ్చేది. పక్కింట్లో ఎవరైనా ఏడుస్తుంటే "ఎన్ని క్యూసెక్కులు?" అని అడిగేవాళ్లం. లెక్కల సారుకు కోపమొస్తే "ఇన్‌ఫ్లో పెరిగింది, గేట్లు ఎత్తుతారు" అని ముందు బెంచీ ఖాళీ చేసేవాళ్లం. డ్యాం కట్టడానికి పుట్టిన ఊరు మాది. డ్యాం లేకపోతే ఊరు లేదు, ఊరు లేకపోతే నేను లేను. ఈ మూడో నష్టం పెద్దది కాదని మా అమ్మ అభిప్రాయం.

మా బాపు మాత్రం నీళ్ల మనిషి కాదు. తార్ ఆఫీసులో, అంటే టెలిగ్రాం ఆఫీసులో, ఆపరేటర్. ఆయన ముందు టెలిప్రింటర్ అనే మిషను ఉండేది. చూడటానికి బరువెక్కిన టైపు మిషనులా ఉంటుంది. బాపు ఇక్కడ ఒక అక్షరం కొడితే, తీగ అవతల నల్లగొండలో ఇంకో మిషను అదే అక్షరాన్ని తనంతట తానే కొట్టుకుంటుంది. ఊళ్లోని చావులూ పుట్టుకలూ నౌకరీ ఆర్డర్లూ ముందుగా బాపు వేళ్ల కింద నుంచి పోయేవి కాబట్టి, ఆయన నడకలో కొంచెం దర్జా ఉండేది. "మిషను నా చేతిని అందుకోలేకపోతాంది" అని రోజూ అనేవాడు. మిషను తన వైపు వాదన ఎప్పుడూ వినిపించలేదు.

అమ్మ దృష్టిలో బాపు నౌకరీ అంటే తార్ ఆఫీసు కాదు, నల్లా. నౌకరీ వల్ల ప్రాజెక్టు క్వార్టర్ వచ్చింది, క్వార్టర్ వల్ల నల్లా వచ్చింది, నల్లాలోంచి కృష్ణ వచ్చేది. జీతం దాని మీద కొసరు. అమ్మది మునుగోడు దిక్కు పల్లె. అక్కడ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి పిల్లల పళ్లు గోధుమరంగు చారలు పడేవి, పెద్దల మోకాళ్లు బిగుసుకుపోయేవి. మా అమ్మమ్మ నడుం వంగి, తల ఎత్తి మనిషి మొహం చూడలేకపోయేది. నేను పోతే నా చెప్పులు చూసి గుర్తుపట్టేది. నేను అన్నిటి మీద జోకులేస్తాను గానీ ఈ ఒక్క దాని మీద వేయలేదు. ఒకసారి చెప్పులు మార్చి పోదామనుకున్నాను, అమ్మ చూసిన చూపుకు మానేశాను.

తొంభైల నడుమ నేను డిగ్రీ మీద అలిగి, నల్లగొండలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్కడ నేర్చుకున్న మొదటి విద్య, చెప్పులు బయట విడిచి లోపలికి పోవడం. రెండోది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు అని. మూడో విద్యకు ఇంకో ఫీజు అన్నారు. ఆ రెంటితోనే ఇంటికి వచ్చి, అడిగినవాడికీ అడగనివాడికీ కంప్యూటర్ గురించి చెబుతూ తిరిగేవాణ్ని.

ఆ రోజుల్లోనే ఒక పుకారు పుట్టింది. చిన్న తార్ ఆఫీసులన్నీ తనిఖీ చేసి, లైను బాగున్నవి ఉంచుతారట, బాగా లేనివి ఎత్తేసి పక్క ఊరి ఆఫీసులో కలుపుతారట. మా పక్క ఊరంటే హాలియా. వరి పొలాలు, బియ్యం మిల్లులు, మంచి బజారు, సినిమా హాలు. నాకైతే అభ్యంతరం లేదు. అమ్మ ఒక్కటే అడిగింది, "హాలియాల తాగెటియి ఏం నీళ్లు?" బాపు బోరు నీళ్లన్నాడు. అమ్మ ఆ రోజు కూరలో ఉప్పు వేయలేదు. మరిచిపోయానంది గానీ, అది నోటీసని మాకిద్దరికీ అర్థమైంది.

తర్వాత కొద్దిరోజులకు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎత్తింది మా తార్ ఆఫీసు పెద్దసారు, గుంటూరు వైపు మనిషి, మర్యాద ఎక్కువ. ఎంత మర్యాదంటే, తెలియని సంగతిని ఎదుటివాళ్లను అడిగితే వాళ్లకు కష్టమని అడిగేవాడు కాదు. ఫోనులో అడిగిన ప్రశ్న చిన్నదే: "మీ లైను ఎన్ని కేబీపీఎస్? సాయంత్రంలోగా తార్ కొట్టండి." ఆయన "తప్పకుండానండీ" అని ఫోను పెట్టేసి, బాపు వైపు చూశాడట.

"కేబీపీఎస్ అంటే మీకు తెలుసు కదండీ?"

"మీకు తెల్వదా సార్?"

"నాకెందుకు తెలియదండీ. మీకు తెలుసా అని."

ఇద్దరికీ తెలుసని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంతటితో పని ఆగిపోయింది.

అప్పుడు మా పక్క క్వార్టర్ చాచా, డ్యాం మీద గేట్ల ఆపరేటర్, వాళ్ల అల్లుడికి తార్ కొట్టడానికి వచ్చాడు. తీరిక లేని మనిషి, కానీ ఏ విషయం మీదైనా అభిప్రాయం చెప్పేంత తీరిక ఉండేది. బాపు సంగతి చెప్పాడు. చాచా నవ్వాడు.

"గింతేనా భాయ్? కేబీ అంటే కృష్ణా బేసిన్. మా ఆఫీసుల ఏ కాయితం సూసినా గదే ఉంటది. పీఎస్ అంటే పర్ సెకండ్. కృష్ణా బేసిన్ పర్ సెకండ్. సెకండుకు ఎన్ని నీళ్లు ఇడుస్తున్నరని అడుగుతున్నరు."

"మరి మీ లైను అన్నరు గదా?"

"లైనంటే కాలువ. కాలువకు లైనింగ్ జేసిన్రా లేదా?"

"గది తార్ ఆఫీసును ఎందుకు అడుగుతరు భాయ్?"

"మీరు దునియా మొత్తానికి ఖబర్ చెప్పెటోళ్లు. జర ఇజ్జత్ ఇచ్చి అడిగిన్రు. నువ్వు దానికి అనుమానపడితె ఎట్ల?"

పెద్దసారుకు ప్రాణం లేచి వచ్చింది. "అదేనండీ, నేనూ అదే అనుకుంటున్నా" అని డ్యాం కంట్రోల్ రూముకు ఫోను చేశాడు. ఆ రోజు రెండు కాలువలకూ కలిపి పన్నెండు వేల క్యూసెక్కులు వదులుతున్నారు. బాపు మిషను ముందు కూర్చుని తన చేతులతో తానే కొట్టాడు: మా లైను పన్నెండు వేల కేబీపీఎస్. పెద్దసారు ఒకసారి చదివి, ప్రభుత్వానికి సహకరిస్తున్నట్టు ఉండాలని చివర ఇంకో ముక్క పెట్టించాడు: అవసరమైతే ఇంకా పెంచగలం.

రాత్రి అన్నాల దగ్గర బాపు ఇదంతా గర్వంగా చెబుతుంటే నా నోట్లో ముద్ద ఆగిపోయింది.

"బాపు, కేబీ అంటే కృష్ణా బేసిన్ గాదే. కిలో బిట్లు."

"బిట్లా? పరీక్షల బిట్ పేపర్ ఉంటది, గదేనా?"

"గది గాదు. నువ్వు ఒక్కొక్క అక్షరం కొట్టినప్పుడు తీగల టిక్కు టిక్కుమని పోతయి సూడు, అక్షరానికి అయిదు, ముందట ఒకటి, ఎనుక ఒకటిన్నర. గా ఒక్కొక్క టిక్కు బిట్టు లెక్క. సెకండుకు ఎన్ని పోతయని అడిగిన్రు."

బాపు మొహం వెలిగింది. "గట్ల అడగాలె. మా మిషను మీద రేకుకు రాసి ఉంటది, యాభై బాడ్ అని."

"నీ మిషనుకు బాడ్ అన్నా, సెకండుకు బిట్టు అన్నా ఒకటే. యాభై."

"యాభై అంటె మంచిగనే ఉన్నది గదరా!"

"మంచిగనే ఉన్నది. కాని ఆళ్లు అడిగింది వేలల్ల. యాభైని వెయ్యితోని భాగించాలె."

బాపు గాలిలో వేలితో భాగహారం వేశాడు. సున్నా రాశాడు. చుక్క పెట్టాడు. మళ్లీ సున్నా రాశాడు. అక్కడ వేలు ఆగింది.

"సున్నా పాయింటు సున్నా అయిదా? ఇన్నేండ్లసంది దినమంతా కొడుతున్న, నేను సున్ననారా?"

"సున్న గాదు బాపు. సున్నా అయినంక చుక్క, మల్లొక సున్నా, గప్పుడు అయిదు. జర లోపటికి పోయి ఎతికితె దొరుకుతవ్."

బాపు నవ్వలేదు. నేను ఇంకో లెక్క కూడా వేసి చూశాను. మేము పంపిన అంకెను అసలు అంకెతో భాగిస్తే రెండు లక్షల నలభై వేలు వచ్చింది. అంటే బాపు అబద్ధం రెండు లక్షల నలభై వేల రెట్లు. మామూలు మనిషికి అంత అబద్ధం ఆడటానికి ఒక జన్మ చాలదు. మా బాపు ఒక్క తార్‌లో కొట్టేశాడు, అదీ యాభై బాడ్ మీద.

అమ్మ చారు గిన్నె పట్టుకుని నిలబడింది. "గా సున్నలు గిన్నలు నాకొద్దు. నల్లా ఉంటదా పోతదా, గది చెప్పున్రి."

మొదటి అంకె ఉంటే అబద్ధం బయటపడుతుంది, రెండో అంకె పంపితే లైను బాగా లేదని తేలుతుంది. ఎటు నడిచినా హాలియానే వస్తోంది.

గోడ అవతల నుంచి అంతా విన్న చాచా మెల్లగా మా వాకిట్లోకి వచ్చాడు. తన కృష్ణా బేసిన్ కూలిపోయినందుకు ఆయనేమీ చిన్నబుచ్చుకోలేదు. "ఇంగ్లీషోడు రెండు మాటలకు ఒక్కటే పొట్టి పేరు పెడితె నేనేం చెయ్యాలె" అని కూర్చున్నాడు. తర్వాత తమ శాఖ రహస్యం ఒకటి విప్పాడు.

"బేటా, మేం ఎట్ల చెప్తం తెలుసునా? పన్నెండు వేల క్యూసెక్కులనుకో, దినమంతా ఇడిస్తె ఒక్క టీఎంసీ చిల్లర. ఒక్కటే టీఎంసీనా అని రైతు అలుగుతడు. గందుకని రైతుకు క్యూసెక్కులల్ల చెప్తం, పెద్దంత కనిపిస్తది. పక్క రాష్ట్రపోడు అడిగితె టీఎంసీలల్ల చెప్తం, చిన్నగ కనిపిస్తది. నీళ్లు గవ్వే. మీ బాపును గూడ దినంల చెప్పు."

నేను వేశాను. సెకనుకు యాభై. నిమిషానికి మూడు వేలు. గంటకు లక్షా ఎనభై వేలు. రోజుకు నలభై మూడు లక్షల ఇరవై వేల బిట్లు. మిషను పగలూ రాత్రీ ఆగకుండా, బాపు తినకుండా పడుకోకుండా కొడితే. ఆ షరతు నేను చెప్పాను గానీ బాపు వినలేదు. నలభై మూడు లక్షలు అన్న చోటనే ఆయన ప్రయాణం ఆగింది. చారులో కలుపుకున్న అన్నం ముగించి, వీపు నిటారుగా పెట్టి చేయి కడుక్కున్నాడు.

మర్నాడు బాపు పెద్దసారును ఒప్పించాడు. ఒప్పించడం తేలికగా జరగలేదట. "సున్నా అని నేనెలా పంపిస్తానండీ, రేపు నా రిటైర్మెంటు సభలో ఎవరైనా చదివితే?" అన్నాడట ఆయన. చివరికి రెండో తార్ పోయింది: నిన్నటి అంకె పొరపాటు. మా లైను సున్నా పాయింటు సున్నా అయిదు కేబీపీఎస్. రోజుకు నలభై మూడు లక్షల ఇరవై వేల బిట్లు.

నిజం చెప్పేశాక మనసు తేలికవుతుందని అంటారు. మాకు ఆ అవకాశం రాలేదు. సాయంత్రానికి జవాబు వచ్చింది: మీ రెండో తార్‌లో అక్షరాలు చెదిరినట్టున్నాయి, అంకెలు ఒకదానికొకటి కుదరడం లేదు, తనిఖీకి మనిషిని పంపుతున్నాం. అబద్ధం శుభ్రంగా చేరింది. నిజం పోయిన దారిలో మిషను చెడిపోయిందనుకున్నారు.

వచ్చిన మనిషి నా వయసుకు అటూ ఇటూ ఉన్న ఇంజినీరు. జీపు దిగినప్పటినుంచీ, మాట్లాడుతున్నంతసేపూ అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మర్యాద అనుకున్నాం. పెద్దసారు అంతకంటే మర్యాదగా తన నోటికి కూడా చేయి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపు ఇద్దరి మాటలూ ఎవరికీ వినిపించలేదు. బాపు, తోడు కోసమని, నన్ను కూడా ఆఫీసుకు పిలిపించాడు. ఇంట్లో కంప్యూటర్ చదివినవాడు ఉన్నాడని చూపించుకోవడానికి కూడా.

ఇంజినీరు టెలిప్రింటర్ చుట్టూ తిరిగాడు. రేకు మీద యాభై చదివాడు. గోడ మీది తీగలు చూశాడు. బల్ల కింద కూడా చూశాడు.

"పన్నెండు వేల లైనుందన్నరు, ఏది సార్?"

పెద్దసారు ఆయన్ని వరండాలోకి తీసుకుపోయి, చేయి చాపి, డ్యాం దిక్కు చూపించాడు. "అదిగోనండీ. ఈరోజు పదమూడు వేలకు పెంచారు."

ఇంజినీరు అటు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక, నోటి మీది చేయి తీసి కడుపు పట్టుకున్నాడు. అప్పుడు కనిపించాయి పళ్లు. చారలు చారలుగా, గోధుమరంగు.

బాపు నా వైపు చూశాడు, నేను బాపు వైపు చూశాను. ఎండ పెరిగింది కాబట్టి భోజనానికి ఇంటికి రమ్మన్నాం. ఇందులో ఎత్తుగడేమీ లేదు. ఊళ్లో ఉన్న ఒక్క హోటలు ఆ రోజు మూసి ఉంది.

అమ్మ ముందు నీళ్లిచ్చింది. ఆయన ఒక గ్లాసు తాగాడు. గ్లాసు వైపు చూసి ఇంకోటి అడిగాడు. మూడోది అడగకుండానే అమ్మ పోసింది. పోస్తూ ఆయన నోటి వైపు ఒకసారి చూసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

ఆయన చెప్పాడు. అమ్మ వాళ్ల పల్లెకు రెండూళ్ల అవతల.

"మీ అమ్మ మంచిగ నడుస్తదా?"

"గోడ పట్టుకోని నడుస్తదమ్మా."

అమ్మ అన్నం వడ్డించి, ఆయన రెండు ముద్దలు తినేదాకా ఆగింది. తర్వాత సంగతి నేరుగా ముందు పెట్టింది.

"మా ఆయనది సున్నా అంట గదా. నువ్వు పోయి సున్నా అని రాస్తె మేము హాలియాకు పోవాలె. గీ నల్లా ఇంకెవ్వలకో పోతది. నువ్వు రాసేది రాయి, నేను వద్దన. కాని నల్లా సూసి రాయి."

బాపు గొంతు సవరించుకున్నాడు. "రోజుకైతె నలభై మూడు లక్షలు సార్" అన్నాడు మెల్లగా.

ఇంజినీరు పెరుగన్నం దాకా తిన్నాడు. చేయి కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయి, కడుక్కున్నాక కూడా కాసేపు చేయి ధార కింద పెట్టి ఉంచాడు. అమ్మ వంటింటి గడపలో కదలకుండా నిలబడింది. నాకు ఏదో ఒక జోకు వేయాలనిపించింది, ఏదీ తట్టలేదు.

"అబద్ధం నేను రాయనమ్మా" అన్నాడు చివరికి. "రెండు తార్లు వచ్చినయి, రెండు అంకెలూ రాస్త. ఒకటి డ్యాందని, ఇంకోటి మిషన్‌దని కింద రాస్త. అయితె పై ఆఫీసుల కింద రాసింది చదివెటోళ్లు ఎవ్వలు లేరు."

"అంటె?"

"అంటె ఆళ్లకు ఏది ముద్దొస్తె గది పట్టుకుంటరు."

ఆయన జీపెక్కబోయి ఆగాడు. వెనక సీటు కింద నుంచి ఒక ఖాళీ డబ్బా తీశాడు. నూనె డబ్బా, కడిగి తెచ్చిందే. ఆ కడిగిన తీరు చూస్తే, కృష్ణ పక్కకు తనిఖీ పడిందనగానే ఆయన లైను గురించి ఆలోచించలేదని తెలిసిపోతుంది. "మా అమ్మకు" అన్నాడు. అమ్మ ఆ డబ్బాను మళ్లీ ఒకసారి కడిగి, గొంతు దాకా నింపింది.

కొన్ని నెలలకు పై ఆఫీసు జాబితా వచ్చింది. ఇంజినీరు చెప్పినట్టే పైవాళ్లు పెద్దంకెను ముద్దు చేశారు. జిల్లాలోకెల్లా ఉత్తమమైన లైను మాది. ఇంత మంచి లైనును కదిలించవద్దు, ఎందులోనూ కలపవద్దు, కొత్త మిషను అవసరం లేదు అని రాసి ఉంది. ఆ కొత్త మిషను హాలియాకు పోయింది. కంప్యూటరు, దాని పక్కన ఎర్ర లైట్లు వెలిగే మోడెం అనే డబ్బా. కంప్యూటరు అక్షరాలను ఫోను తీగలో పంపేది ఆ డబ్బానే. దాని వేగం సెకనుకు తొమ్మిది వేల ఆరు వందల బిట్లు. మా టెలిప్రింటర్‌కు నూట తొంభై రెండు రెట్లు. అది మా బాపుకు చెప్పింది నేనే. ఆ రోజు కూడా కూరలో ఉప్పు లేదు, ఈసారి నాకొక్కడికే.

కానీ హాలియా ఆపరేటర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. జాబితా చూసుకుని బాపుకు ఫోను చేశాడు. బాపు రిసీవరును చెవికి కాస్త దూరంగా పట్టుకునే మనిషి కాబట్టి నాకూ వినబడింది.

"అన్నా, గిదేం అన్యాయం? కొత్త డబ్బా ఇచ్చిన్రని ఊరంత మిఠాయి పంచిన. మాది సూస్తె తొమ్మిది వేల ఆర్నూరే, మీది పన్నెండు వేలంట! పాత మిషను మీద ఎట్ల కొడుతున్నవన్నా?"

తొమ్మిది వేల ఆరు వందలు బిట్లనీ, పన్నెండు వేలు కిలోబిట్లనీ, ఆ పన్నెండు వేలు కూడా నీళ్లనీ చెప్పడానికి నేను చేయి చాపాను. బాపు రిసీవరు ఇవ్వలేదు.

"చెయ్యి పడాలె తమ్మీ" అన్నాడు. "మెల్లగ నీకూ వస్తది."

ఆ తర్వాత ఆ ఇంజినీరు ప్రతి నెలా ఉత్తమమైన లైను తనిఖీకి వచ్చేవాడు. మొదటి నెల ఒక డబ్బా, మరుసటి నెల రెండు. వచ్చినవాడు తార్ ఆఫీసు మెట్లెక్కేవాడు కాదు, నేరుగా మా వాకిట్లో జీపు ఆపేవాడు. ఒకరోజు అమ్మ నల్లా కింద డబ్బా పెట్టి నింపుతుంటే, చాచా గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ అడిగాడు.

"చెల్లె, ఎన్ని కేబీపీఎస్ వస్తున్నయి?"

ధారలో వస్తున్నది కృష్ణా బేసినే. వస్తున్నది సెకండుకింతే. ఆయన అర్థం ఆ ఒక్క చోట తప్పులేకుండా సరిపోయింది. నేను గడియారం తీసి, డబ్బా ఎంతసేపట్లో నిండుతుందో చూసి క్యూసెక్కుల్లోకి మారుద్దామని సెకండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"లెక్క తర్వాత చేద్దువు గని" అంది అమ్మ, "నీళ్లు పోతున్నయి, మూత తే."